రామప్ప గుడి కట్టించిన రేచెర్ల రుద్రుడు, ఆయన వెనుక తరాలు

(మహాశివరాత్రి జాగరణ రాత్రి, మన ఆలయ హాలులో రెండో జాము అభిషేకానికి ముందు వాలంటీర్ల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఇంకా నిద్రపోకుండా కూర్చున్న పిల్లలకు ప్రత్యేకంగా అభినందనలు.

రెండో జాము అభిషేకానికి ఇంకా కాసేపు టైముందని అర్చకస్వామివారు చెప్పారు. అంతవరకు ఎవరూ కునుకు తీయకుండా చూసే పని మా మీద పెట్టారు. మేము చరిత్ర పండితులం కాము. వారమంతా ఆఫీసుల్లో కోడ్ రాసుకుని, శని ఆదివారాల్లో ఇక్కడ పార్కింగ్ చూసుకుంటూ, వంటశాలలో పులిహోర కలుపుతూ, ఆలయం వెబ్‌సైట్ పని చేయనప్పుడు మీ చేత తిట్లు తినే వాలంటీర్లం. అయినా ఈ రాత్రి ఒక సేనాపతి గురించి, ఆయన వంశం గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం. ఎందుకో ముందు చెబుతాం.

మొన్న కార్తీక మాసంలో అర్చన టికెట్ల కోసం మేము ఒక ఫారం తయారు చేశాం. మీలో చాలామంది నింపే ఉంటారు. పేరు, నక్షత్రం, గోత్రం అని మూడు గళ్లు. ఒక సోమవారం సాయంత్రం కౌంటర్ దగ్గర ఏడో తరగతి చదివే బాబు ఒకడు వాళ్ల నాన్నగారి బదులు ఆ ఫారం నింపుతూ మమ్మల్ని అడిగాడు. "అంకుల్, గోత్రం అంటే అందరికన్నా పాత తాతగారి పేరు కదా. మరి మధ్యలో ఉన్నవాళ్ల పేర్లు ఎక్కడ రాయాలి?"

నవ్వేసి, "అవి అక్కర్లేదు నాన్నా" అన్నాం. క్యూ పొడుగ్గా ఉంది మరి. కానీ ఆ రాత్రి హాలు ఊడ్చుకుంటున్నప్పుడు ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. అప్పుడు మేము పదకొండు మందిమి ఉన్నాం. ఒకరినొకరం అడుగుకున్నాం. తాతగారి పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు ఐదుగురు చెప్పగలిగారు. ముత్తవ్వ పేరు చెప్పగలిగింది ఒక్కరే, అదీ ఆ అమ్మాయికి ఆవిడ పేరే పెట్టారు కాబట్టి.

సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే మాలో ఒక కుటుంబం సెలవులకు ఇంటికి వెళ్లి, పిల్లలను తీసుకుని ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి చూసి వచ్చింది. అక్కడి శాసనం గురించి వాళ్లు చెప్పింది విన్నాక, ఆ బాబు ప్రశ్నకు జవాబు ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఒకాయన రాతి మీద రాయించి పెట్టాడని మాకు తెలిసింది. ఆయనే రేచెర్ల రుద్రుడు.

ముందు ఆ గుడి గురించి రెండు మాటలు. హైదరాబాదు నుంచి ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్లు. వరంగల్ దాటి, ములుగు దాటి వెళ్లాలి. శక సంవత్సరం 1135, అంటే మన లెక్కలో 1213. మనం కూర్చున్న ఈ పిస్కాటవే టౌన్‌షిప్ 1666లో ఏర్పడింది. దానికన్నా నాలుగున్నర శతాబ్దాల ముందు మాట ఇది. గుడి పని దాదాపు 40 ఏళ్లు సాగిందని యునెస్కో వారి వివరణ చెబుతోంది. 2021 జులై 25న ఈ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడంగా ప్రకటించారు. ఆ రోజు మన ఆలయ వాట్సాప్ గ్రూపులో ఎన్ని మెసేజీలు వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. యునెస్కో జాబితాలో దాని పేరు కాకతీయ రుద్రేశ్వర ఆలయం. పక్కన బ్రాకెట్లో రామప్ప అని ఉంటుంది.

ఇంజనీర్లం కాబట్టి ఒక్క విషయం చెప్పకుండా ఉండలేం. ఆ గుడి పునాదిలో గోతి తవ్వి ఇసుక నింపి, దాని మీద కట్టడం లేపారు. నేల కదిలితే ఆ కుదుపును ఇసుక కొంత తీసుకుంటుంది. పైన విమానానికి మామూలు రాయి వాడితే బరువు ఎక్కువవుతుందని, నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు కాల్చి వాడారు. కింద మెత్తగా, పైన తేలికగా అన్నమాట. గోడలకు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలకు, మదనికల బొమ్మలకు అద్దంలా మెరిసే నల్లరాయి. ఆ పన్నెండు మదనికల్లో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉన్నాయి. వెళ్లివచ్చిన పిల్లలకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే.

ఇప్పుడు రుద్రుడి విషయానికి వద్దాం.

గుడి ఆవరణలో చిన్న మండపం ఒకటి ఉంది. దానిలో నలుపలకల శాసన స్తంభం. సంస్కృత శ్లోకాలు. 1919లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ప్రచురణల్లో ఎల్.డి. బార్నెట్ అనే పండితుడు దాన్ని చదివి అచ్చు వేయించాడు. తర్వాత 1922లో గులాం యజ్దానీ పాలంపేట గుడుల మీద విడిగా పుస్తకం రాశారు. ఈ శాసనం మొదట కాకతీయ రాజులను పొగుడుతుంది. ఆ తర్వాత రేచెర్ల వంశానికి వస్తుంది.

వంశంలో మొదట చెప్పే పేరు బ్రహ్మ. సేనాని కాబట్టి బ్రహ్మసేనాని అంటారు. ఆయన కాకతి ప్రభువు కోసం కంచి మీదికి దండెత్తి వెళ్లాడు. ఈ సంగతిని శాసనం చెప్పిన తీరు వింటే మీకు మన పెళ్లిళ్లు గుర్తొస్తాయి. పెళ్లిలో వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటాం కదా. కంచి కోట తలుపు ఆ తెర అట. బ్రహ్మ దాన్ని తీసేశాడట. అవతల విజయలక్ష్మి, ఇవతల కాకతి రాజు. యుద్ధాన్ని పెళ్లిగా చెప్పారు. కవి ఎవరో గానీ తెలుగు నేల పెళ్లి పందిరి బాగా చూసినవాడే.

ఆ బ్రహ్మ వంశంలో ముచ్చి. ఆయన వంశంలో కాటుడు. కాటుడి కొడుకు కాముడు. కాముడి కొడుకు మళ్లీ కాటుడు. ఆ కాటుడి కొడుకు రుద్రుడు.

పిల్లలూ, ఒక్కసారి గమనించండి. కాటుడు, కాముడు, మళ్లీ కాటుడు. తాత పేరు మనవడికి పెట్టారు. మీలో ఎంతమందికి తాతగారి పేరు పెట్టారు? చేతులెత్తండి. చూశారా, ఇంచుమించు సగం మంది. అమెరికా వచ్చాక దాన్ని మిడిల్ నేమ్‌లో దాచి ఉంచాం గానీ, అలవాటు మాత్రం 1213 నాటికే పాతది.

కాముడు రెండో ప్రోలరాజు దగ్గర సేనాపతి. ప్రోలరాజు కళ్లెదుటే మంథెన గుండరాజుతో తలపడి పేరు తెచ్చుకున్నవాడు. ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు. అప్పటికి కాకతీయులు ఇంకొకరి కింద సామంతులుగా ఉండడం మానేసి, స్వతంత్ర రాజులయ్యారు. ఈ ఎదుగుదలలో ప్రతి మెట్టులోనూ రేచెర్ల వారు కత్తి పట్టుకుని పక్కన ఉన్నారు.

అసలు కష్టం రుద్రుడి కాలంలో వచ్చింది. రుద్రదేవుడి తర్వాత ఆయన తమ్ముడు మహాదేవుడు రాజయ్యాడు. మూడేళ్లు ఏలాడు. దేవగిరి యాదవుల మీద యుద్ధానికి వెళ్లి చనిపోయాడు. ఆయన కొడుకు గణపతిదేవుడు శత్రువుల చేతికి చిక్కాడు. అంటే 1199 ప్రాంతంలో ఓరుగల్లులో పరిస్థితి ఇది: రాజు లేడు, యువరాజు దేవగిరి చెరసాలలో ఉన్నాడు. సామంతులు ఎవరి దారి వారు చూసుకుంటున్నారు. సైన్యం రేచెర్ల రుద్రుడి చేతిలో ఉంది.

ఆ పరిస్థితిలో సేనాపతి ఏం చేయవచ్చో చరిత్రలో మనకు చాలా ఉదాహరణలు ఉన్నాయి. రుద్రుడు ఆ పని చేయలేదు. తిరగబడ్డ సామంతులను అణిచాడు. రాజ్యం చెదిరిపోకుండా పట్టుకున్నాడు. కొంతకాలానికి యాదవ రాజు జైతుగి గణపతిదేవుణ్ణి విడిచిపెట్టాడు. ఆయన తిరిగి వచ్చేసరికి కూర్చోడానికి సింహాసనం ఉంది. ఆ తర్వాత గణపతిదేవుడు 1262 వరకు, అరవై ఏళ్లకు పైగా ఏలాడు. ఆయన కూతురే రుద్రమదేవి. మన పిల్లలు ఉగాది నాటకంలో వేసే రుద్రమదేవి వేషం వెనుక, తెర మీద కనబడకుండా ఈయన ఉన్నాడు.

ఇందుకే రుద్రుణ్ణి కాకతిరాజ్యభారధౌరేయుడు అన్నారు. పెద్ద మాటే, కానీ అర్థం చాలా ఇంటి అర్థం. ధౌరేయం అంటే కాడి మోసే ఎద్దు. సింహం అనలేదు, పులి అనలేదు. బరువుబండికి కట్టిన మేలుజాతి ఎద్దు అన్నారు. మాలో పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఈ మాట చాలా నచ్చింది. మెరక ఎక్కేటప్పుడు కాడి దించని ఎద్దు విలువ రైతుకు తెలుసు.

ఈ కాడి మోసినాయన 1213లో గుడి కట్టించాడు. గుడి ఒక్కటే కాదు. ఆ ఊరికి అప్పట్లో ఆటుకూరు అని పేరు. ఊరు, గుడి, పెద్ద చెరువు, మూడూ కలిపి కట్టించాడు. చెరువు లేకపోతే పంట లేదు, పంట లేకపోతే దేవుడికి నైవేద్యం లేదు. పాకాల, లక్నవరం చెరువులు కూడా గణపతిదేవుడి కాలంవే. రామప్ప చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. మొన్న వెళ్లినవాళ్లు ఆ నీళ్లు చూసి వచ్చారు.

ఇక మా బాబు ప్రశ్నకు జవాబు ఎక్కడుందో చెబుతాం.

పెద్ద గుడిలో లింగానికి తన పేరు పెట్టాడు, రుద్రేశ్వరుడు. ఇది ఆ కాలంలో అందరూ చేసే పనే. కానీ అదే ఆవరణలో ఇంకా రెండు గుడులు ఉన్నాయి. ఒకటి కాటేశ్వరాలయం. ఇంకొకటి కామేశ్వరాలయం. కాటుడు ఎవరు? తండ్రి. కాముడు ఎవరు? తాత. అంటే ఆ ఆవరణలోకి అడుగుపెట్టిన మనిషి మూడు తరాలకు దండం పెట్టుకుని బయటికి వస్తాడు. తన గుడి పెద్దది కావచ్చు, కానీ తాను ఎవరి కొడుకో, ఎవరి మనవడో పక్కనే కట్టి చూపించాడు.

మనలో తర్పణాలు వదిలేవారికి ఈ లెక్క తెలుసు. తండ్రి, తాత, ముత్తాత, వరుసగా మూడు పేర్లు చెప్పాలి. వసువు, రుద్రుడు, ఆదిత్యుడు అని ఆ ముగ్గురికీ మూడు రూపాలు. తర్పణం అలవాటు లేని ఇళ్లలో ఇంకో తీరున ఉంది. తెలంగాణలో పెత్రమాస రోజు పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. కోస్తాలో సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెడతారు. దారి ఏదైనా పని ఒకటే. ఏడాదికి ఒక్కసారైనా ఆ పేర్లు నోటితో పలకాలి. పలకాలంటే తెలియాలి.

ఆ మూడు గుడుల్లో కామేశ్వరాలయం, అంటే తాతగారి గుడి, బాగా శిథిలమైంది. రాళ్లు విప్పి, మళ్లీ నిలబెట్టే పనిని భారత పురావస్తు శాఖ చేపట్టింది. ఆ విషయం విన్నప్పుడు మేము పదకొండు మందిమి కాసేపు మాట్లాడుకోలేదు. మా ఇళ్లలోనూ తాతగారి తరం దగ్గరే గోడ పడిపోతోంది.

ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే విషయం. మేము ఈ ప్రసంగం గురించి గ్రూపులో చెప్పగానే ఇద్దరు ముగ్గురు పెద్దలు ఫోన్ చేసి, "రేచెర్ల వారంటే ఏ కులం బాబూ?" అని అడిగారు. ప్రశ్నలో తప్పేమీ లేదు, కుతూహలం ఎవరికైనా ఉంటుంది. రుద్రుడి వంశాన్ని చరిత్రకారులు రేచెర్ల రెడ్లు అంటారు. అదే రేచెర్ల పేరుతో ఇంకో గొప్ప వంశం ఉంది, రాచకొండ, దేవరకొండ ఏలిన పద్మనాయకులు. కాకతీయుల తర్వాత వెలిగినవారు. వారి సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరం రాశాడు. వారి వంశకథ వెలుగోటివారి వంశావళి అనే పుస్తకంగా మనకు దొరికింది. రెండు వంశాలు వేరు వేరు. రెండూ మన నేలవే. రుద్రుడి గుడిలో దండం పెట్టుకోవడానికి ఈ ఎనిమిది వందల ఏళ్లలో ఎవరూ కులం సర్టిఫికెట్ చూపించాల్సిన పని లేకుండా ఉండాలని మనం కోరుకుందాం. ఈ హాల్లో అయినా ఆయన మనందరివాడు.

ఇంకో లోటు కూడా చెప్పాలి. ఈ వంశవరుసను మీకు చదివి వినిపించాం కదా. బ్రహ్మ, ముచ్చి, కాటుడు, కాముడు, కాటుడు, రుద్రుడు. ఆరుగురూ మగవాళ్లే. రిహార్సల్‌లో ఇది వినగానే మా జట్టులోని ఆడవాళ్లు ఆపేశారు. "వీళ్లందరికీ అమ్మలు లేరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. వెతికితే జవాబు దొరికింది.

సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి ఉంది. అక్కడి గుడులు కూడా రేచెర్ల వారివే. నామిరెడ్డి కట్టించింది నామేశ్వరాలయం. దాని సమీపంలోనే 1208లో వెలసింది ఎరకేశ్వరాలయం. ఎరకసాని పేరు మీద ఉన్న గుడి అది. ఆవిడ బేతిరెడ్డి భార్య. రామప్ప కన్నా ఐదేళ్లు పాతది. ఒక ఇల్లాలి పేరు దేవుడి పేరులో కలిసి నేటికీ నిలిచి ఉంది.

ఇంకా గొప్ప సంగతి బయ్యారంలో ఉంది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. అక్కడి చెరువు దగ్గర గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించిన శాసనం దొరికింది. కాకతీయుల తొలి తరాల పేర్లు, వెన్న, గుండ, ఎర్ర అని వరుసగా మనకు తెలిసింది ఎక్కువగా ఆ శాసనం వల్లే. ఆవిడ నాతవాడి వారింటికి కోడలుగా వెళ్లిన ఆడపడుచు. రాజ్యం అన్నదమ్ములది, కిరీటం అన్నదమ్ములది. పుట్టింటి తాతల పేర్లు గుర్తుపెట్టుకుని, తన సొమ్ముతో చెరువు తవ్వించి, ఆ గట్టు మీద ఆ పేర్లు చెక్కించింది మాత్రం ఆడబిడ్డ.

ఇది విన్నాక మాకు మన ఇళ్లు గుర్తొచ్చాయి. మీరు ఎవరింటికైనా ఫోన్ చేసి పాత సంగతి అడగండి. బాబాయిలు, పెదనాన్నలు పొలం సరిహద్దు చెబుతారు. ఎవరి పెళ్లి ఎప్పుడైంది, ఎవరి కొడుకు చిన్నప్పుడే పోయాడు, ఏ ముత్తవ్వది ఏ ఊరు, ఇవి చెప్పేది మాత్రం మేనత్తలే.

మాలో ఒకరి ఇంట్లో జరిగింది చెప్పి ముగిస్తాం. పేరు చెప్పొద్దన్నారు.

కార్తీక మాసంలో ఆ బాబు అడిగిన రాత్రే ఆయన అనుకున్నాడట, పెద్ద మేనత్తకు ఫోన్ చేసి ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు అడగాలని. ఆవిడకు ఎనభై ఏడు. మనవరాలి పెళ్లి శుభలేఖలో పేర్లు ఎవరైనా తప్పు వేస్తే పట్టుకునేది ఆవిడే. ఇక్కడ రాత్రి అయితే అక్కడ పగలు. ఇక్కడ మీటింగులు అయ్యేసరికి అక్కడ ఆవిడ పడుకుంటుంది. శనివారం చేద్దామనుకుంటే శనివారం గుడిలో డ్యూటీ. అలా రెండు నెలలు గడిచాయి. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆవిడ పోయారు.

తర్వాత ఆయన అందరికీ ఫోన్లు చేశాడు. ముత్తాత పేరు దొరికింది, ఒక పాత దస్తావేజులో ఉంది. ఆ పైన ఉన్న పేరు దొరకలేదు. ముత్తవ్వ పేరు దొరకలేదు. "అత్తయ్యకు తెలుసు" అని అందరూ చెప్పారట. ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఈ మాట మాకు చెబుతూ ఆయన ఏడవలేదు. రామప్ప ప్రసంగం మనం చేద్దాం అన్నాడు, అంతే.

అందుకని మీకు ఒక చిన్న విన్నపం. మేము సాఫ్ట్‌వేర్ వాళ్లం కాబట్టి యాప్ చేస్తామంటామని మీరు అనుకుంటారు. చేయం. ముందు అదే అనుకున్నాం, తర్వాత మానేశాం. ఎందుకంటే తల్లిగారి పుట్టింటి పేరు, పుట్టిన ఊరు, ఇవి బ్యాంకులు రహస్య ప్రశ్నలుగా అడిగే సంగతులు. కుటుంబాల పేర్లన్నీ ఒకచోట పోగేసి ఆలయం సర్వర్ మీద పెట్టడం మంచిది కాదు. అవి మీ ఇంట్లోనే ఉండాలి.

బయట టేబుల్ మీద నోటు పుస్తకాలు పెట్టాం. మామూలు నోటు పుస్తకాలే, అట్ట మీద పసుపు బొట్టు పెట్టి ఇస్తున్నాం. ఇంటికి ఒకటి తీసుకోండి, డబ్బులు అక్కర్లేదు. మొదటి పేజీలో ఎనిమిది గీతలు గీసి ఇచ్చాం. అమ్మ తరఫు, నాన్న తరఫు, నలుగురు తాతా అమ్మమ్మలు, బామ్మలు, వాళ్ల తల్లిదండ్రులు ఎనిమిది మంది. ఆ ఎనిమిది పేర్లు నింపండి. నింపలేనిది ఖాళీగా వదలండి, ఊహించి రాయొద్దు. పేరు పక్కన ఊరు రాయండి. వాళ్లు చేసిన పని ఒకటి రాయండి. సేనాపతి కానక్కర్లేదు. "ఊరి చెరువు తూము చూసుకునేవారు", "మగ్గం నేసేవారు", "ఉప్పు అమ్మేవారు", ఏదైనా సరే. కంచి తలుపు తెరిచిన బ్రహ్మసేనానితో సమానమే, అక్కడి నుంచి మీరు వచ్చారు కాబట్టి.

పెద్దలకు ఇంకో విన్నపం. ఇక్కడికి కొడుకు దగ్గరికి, కూతురి దగ్గరికి ఆరు నెలలకు వచ్చి, ఈ మంచులో ఇంట్లో ఏమీ తోచక కూర్చున్న అమ్మమ్మలు, తాతయ్యలు, బామ్మలు ఈ హాల్లో కనీసం ముప్పై మంది ఉన్నారు. మీరు తిరుగు ప్రయాణం కట్టేలోపు మనవల చేత ఆ పేజీ రాయించండి. వాళ్లకు తెలుగు రాయడం రాకపోతే ఇంగ్లీషులోనే రాయనివ్వండి. స్పెల్లింగు తప్పైతే దిద్దండి. రాతి మీద చెక్కేటప్పుడు కూడా శిల్పులు తప్పులు చేశారు, పండితులు దిద్దుకున్నారు.

పిల్లలకు చివరి మాట. ఆ పెద్ద గుడిని కట్టించినాయన పేరు రుద్రుడు. గుడిలో దేవుడి పేరు రుద్రేశ్వరుడు. కానీ అందరూ దాన్ని రామప్ప గుడి అంటారు. రామప్ప అక్కడి ప్రధాన శిల్పి అని ఆ ప్రాంతం వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. డబ్బిచ్చినవాడి పేరు శాసనంలో ఉంది, చేతులతో పని చేసినవాడి పేరు జనం నోట ఉంది. రెండు రకాలుగానూ పేర్లు నిలుస్తాయి. రాసినా నిలుస్తాయి, పలికినా నిలుస్తాయి. రెండూ చేయకపోతేనే పోతాయి.

ఆ ఏడో తరగతి బాబు ఈ హాల్లోనే ఉన్నాడు, మూడో వరసలో నిద్ర ఆపుకుంటూ. నాన్నా, నీ ప్రశ్నకు ఆ రోజు తప్పు జవాబు చెప్పాం. అవి అక్కర్లేదు అన్నాం. అక్కర ఉంది. మధ్యలో ఉన్నవాళ్ల పేర్లు రాయడానికి ఫారంలో గడి లేదు, నోటు పుస్తకంలో ఉంది. వెళ్లేటప్పుడు మొదటి పుస్తకం నువ్వే తీసుకో.

గంట కొడుతున్నారు. పాలు, పెరుగు, తేనె సిద్ధంగా ఉన్నాయట. సంకల్పంలో స్వామివారు గోత్రం అడిగినప్పుడు, దాని తర్వాత మనసులో ఇంకో రెండు మూడు పేర్లు తలుచుకోండి. పదండి, అభిషేకానికి వెళదాం.

హర హర మహాదేవ.